నీళ్ళు తాగని గోడ

గోడ నీళ్ళు తాగలేదు.

కూర్మారావు రేకు డబ్బాలో చెయ్యి ముంచి ఇంకో పుడిసెడు చల్లాడు. నీళ్ళు తెల్లటి గోడ మీద పూసలై నిలిచి, పక్కపూసల్ని కలుపుకుని, గీతలుగా జారి అతని చెప్పుల దగ్గర మడుగు కట్టాయి. దర్బారు హాల్లో మిగతా మూడు గోడలూ ఇలా చెయ్యవు. చల్లిన నీరు చల్లినచోటే మాయమవుతుంది. తడి మచ్చ కాసేపు ముదురుగా కనబడి, మెల్లగా లేతబడుతుంది. పద్నాలుగు నెలలుగా పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు నాలుగు గోడలకూ నీళ్ళు పట్టించడం అతని అలవాటు.

ఆదివారం సాయంత్రం అతను వెళ్ళేటప్పటికి ఈ ఉత్తరం గోడ ఒంటి మీద తోలు లేకుండా ఉంది. పాత పూతంతా గీకి, ఇటుకల సందులు కెలికి, దుమ్ము కడిగి, మొదటి పూతకు సిద్ధం చేసి వెళ్ళాడు. సోమ, మంగళవారాలు బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్ర అని సెలవు. అడక్కుండానే ఇచ్చాడు కాంట్రాక్టరు భీమేశ్వరరావు. ఈ పనిలో చేరాక అడక్కుండా ఇచ్చిన సెలవు అదొక్కటే. అప్పుడే అనుమానపడాల్సింది. బుధవారం పొద్దున వచ్చి చూస్తే నేల నుంచి కమాను దాకా నున్నగా, పెళ్ళివారింటి వీధిగోడలా నిలబడి ఉంది.

సున్నంతో అయితే మూడు పూతలు. ఒక్కో పూత ఆరడానికి వారం. ఇక్కడ రెండు రోజుల్లో అంతా అయిపోయింది.

తాపీ తిరగేసి పిడితో కొట్టాడు. టంగుమంది. పక్కనున్న తూర్పు గోడ మీద కొట్టాడు. ముసలివాడి గుండె మీద తట్టినట్టు, లోపల్నించి మెత్తగా పలికింది.

"సిమెంటు," అన్నాడు పైకే.

రుషికుల్య సముద్రంలో కలిసేచోట ఉంది శంఖగడ కోట. రోజంతా ఉప్పుగాలి. అలాంటిచోట రెండు వందల ఏళ్ళ పైన నిలబడిందంటే గోడ ఊపిరి పీల్చి వదలబట్టే. మార్కండి తీరంలో ఏరిన గుల్లలు కాల్చిన సున్నం, అస్కా పక్క పల్లెల బెల్లం, కొడల సంతలో ఏరి తెచ్చిన కరక్కాయలు, దంచిన ఇటుక పొడి. ఇవే అప్పుడు వాడినవి, ఇవే కూర్మారావు వాడుతున్నవి. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేదు. ఉప్పు లోపలే పేరుకుని ఇటుకను పిండి చేస్తుంది. రెండు వర్షాకాలాలు. మూడోదానికి పెచ్చులు, పెచ్చులతో పాటు పాత ఇటుకా.

అతను గోడ వెంట నడిచి ఎడమవైపు ద్వారం దగ్గర ఆగాడు. అలవాటుగా మోకాలి ఎత్తున చూశాడు. చతికిలబడి, అరచేత్తో దుమ్ము తుడిచాడు.

అక్కడ ఒక బొటనవేలి ముద్ర ఉంది.

అతని తాతల కాలం నుంచి సున్నపు పనివాళ్ళ పద్ధతి అది. ఆఖరి పూత మెరుగు పెట్టాక, తడి పోకముందు, ద్వారం పక్కన మోకాలి ఎత్తున ఎడమ బొటనవేలు అడ్డంగా నొక్కుతారు. కుడిచేతిలో తాపీ ఉంటుంది కాబట్టి ఎడమది. మాఘమాసంలో తూర్పు గోడ పాత పూత రాలుస్తుంటే ఒక ముద్ర బయటపడింది. గోరు పక్కన గాటు ఉన్న వేలు. ఎవడో, ఎప్పటివాడో. ఆ మనిషి కడగని సముద్రపు ఇసక వాడాడని పూత విరిచి చూడగానే తెలిసిపోయింది. కూర్మారావు వారం రోజులు వాణ్ని నోరారా తిట్టాడు. "బద్దకిస్టోడా, నాలుగు బిందెల నీళ్ళు పోస్తే నీ సొమ్మేటి పోయిందిరా!" అని గోడతో మాట్లాడుతుంటే కూలీ ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. వాడి కమాను పని చూసినరోజున మాత్రం నోరెత్తలేదు.

ఈ ఉత్తరం గోడ మీది ముద్ర నిలువుగా ఉంది. కుడిచేతి వేలు. రాత తప్ప పని ఎరగని వేలు.

"మౌసా, వచ్చేసారా?"

వెనక శ్యామసుందర్. సైటు ఇంజనీరు. ఒడియా మనిషి. బరంపురం సందుల్లో పుట్టి పెరిగాడు కనక తెలుగు తనంతట అదే అంటుకుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. రింకి అని బళ్ళో చేరబోయే కూతురుంది. బాబాయి వరసలో కూర్మారావును మౌసా అంటాడు. ఒడియాలో గౌరవం, తెలుగులో చనువు.

"ఇదెవరి ఏలు?" అన్నాడు కూర్మారావు లేవకుండానే.

శ్యామసుందర్ మొహం ఎర్రబడింది. "నాదే మౌసా. మీ మూడు గోడలకీ ఉంది కదా. దీనికి లేకపోతే వెలితిగా ఉంటుందని... మీ పద్ధతి పోగూడదని పెట్టాను."

"పద్దతి."

"కాంట్రాక్టరు సావుకారు ఆదివారం పొద్దుపోయాక ఫోన్ చేశాడు. గోపాలపూర్ నుంచి గ్యాంగు వస్తుంది, నువ్వు దగ్గరుండు అన్నాడు. వచ్చే సోమవారం ప్రారంభానికి మంత్రి వస్తున్నాడు. నేనేం చెయ్యను చెప్పండి. కాదంటే నా సీటులో ఇంకోడు కూచుంటాడు."

"గోడ సంగతి కాదు నానడిగింది. ఆ ఏలు ఎందుకెడతారో తెల్సేటి నీకు?"

"గుర్తు కదా. చేసినవాడి పేరు బదులు."

కూర్మారావు లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. కోపంగా లేడు. అదే శ్యామసుందర్‌ను భయపెట్టింది.

"గుర్తే బావూ. తిట్టడానికి గుర్తు. రేపు గోడ పాడైతే, విప్పినోడికి ఎవుణ్ణి తిట్టాలో తెలియాల గదా. గాలిని తిట్టుకోకూడదని ఏలెడతాం. నువ్వెట్టీసినావు. తిట్లు నీయే. మరి తీసుకో."

అంటూ డబ్బా పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

భీమేశ్వరరావు మధ్యాహ్నం కారు దిగాడు. నాలుగు తరాల బరంపురం వ్యాపారి. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. సున్నం గానుగ దగ్గర వేపచెట్టు నీడలో కూలీ ఆడవాళ్ళు సద్దిమూటలు విప్పుతున్నారు. కూర్మారావు భార్య సత్యభామ వాళ్ళకు పెద్ద. కోట పైకప్పు మీద దిమ్మిసలు పట్టి పదిరోజులు వరసగా కొట్టించింది ఆమే.

"కూర్మారావూ, ఇలా రా. నీకో సంగతి చూపించాలి." ఫోన్ తెరిచి బొమ్మ పెట్టాడు.

తెల్లటి పాలరాయి. నల్లరంగు నింపిన ఒడియా అక్షరాలు. పైన మంత్రి పేరు, తరవాత ఆఫీసర్లు, భీమేశ్వరరావు. ఆఖరి వరస: 'సున్నపు పని ప్రధాన మేస్త్రీ', దాని పక్కన 'కూర్మారావు'.

కూర్మారావు నాలుగో క్లాసు దాకా చదివింది ఒడియా బడిలోనే. తన పేరు తను చదువుకోగలడు. రెండుసార్లు చదివాడు. వాళ్ళ నాన్న కచేరీలు కట్టాడు, రైలు క్వార్టర్లు కట్టాడు, ఛత్రపూర్‌లో బంగళాలు కట్టాడు. ఆయన పేరు రేషను కార్డు మీద తప్ప ఎక్కడా ఎక్కలేదు. అక్కడా తప్పు రాశారు.

"ఈసారి కొత్త రూలు. పనివాడి పేరు కూడా రాతి మీద ఉండాలని పైనుంచి ఆర్డరు. నేనే దగ్గరుండి చెక్కించాను." భీమేశ్వరరావు భుజం మీద చెయ్యి వేశాడు. "సోమవారం పొద్దున ఆఫీసరమ్మ వస్తుంది. ఆవిడ అడిగితే నాలుగు గోడలూ సున్నమే అని ఒక్క ముక్క చెప్పు. నీ నోటంట వస్తే చాలు."

"నాలుగోది కాదు గదండీ."

"పైన సున్నం కొట్టించానయ్యా. తెల్లగా లేదూ?"

"తెల్లగున్నాది. తడిపి సూడండి."

"ఎవడు తడుపుతాడు? మంత్రి వచ్చి గోడమీద నీళ్ళు పోస్తాడా?" నవ్వాడు. "నీ పద్ధతిలో మూడు వారాలు. నాకున్నది అయిదు రోజులు. తర్వాత నెమ్మదిగా చూసుకుందాం."

"అయితే గోడ పీకించండి. నేదా, పేరు తీయించండి."

చెయ్యి భుజం మీంచి దిగింది. "రాతి మీదకి ఎక్కింది దిగుతుందేమయ్యా? ఇంకో రాయి చెక్కడానికి టైమెక్కడిది? మనుషులు పేరుకోసం చస్తున్నారు, నువ్వు ఇస్తే వద్దంటావు."

"నాది కాని గోడకి నా పేరు ఎందుకండి?"

"మూడు గోడలు నీవేగా. ముప్పాతిక పేరు అనుకో." తన మాటకు తనే నవ్వుకుంటూ కారెక్కాడు. అద్దం దించి, "యాత్రకి సెలవిచ్చాను. విశ్వాసం ఉండాలి," అన్నాడు.

పాత బరంపురంలో వాళ్ళది రెండు గదుల పెంకుటిల్లు. ఆ సాయంత్రం సత్యభామ చేతులకు నూనె రాసుకుంటూ గుమ్మంలో కూచుంది. దిమ్మిస పట్టిన అరచేతులు పిడి ఆకారానికే వంగిపోయాయి, పూర్తిగా చాపుకోవు.

"మా అప్ప ఈశ్వరికి ఫోన్ సేసి సెప్పేసినాను. మీ మరిది పేరు రాయి మీదెక్కిందని. ఇచ్చాపురం నుంచి వొస్తానన్నాది సూడ్డానికి," అంది.

"రావద్దని సెప్పు."

"ఎందుకు?"

చెప్పాడు. ఆమె విన్నంతసేపూ చేతులు రుద్దుకుంటూనే ఉంది.

"అయితే ఏటంటావు?"

"ఆ పేరు ఉండకూడదు."

"ఉండకూడదా?" ఆమె గొంతు లేచింది. "పదిరోజులు పైకప్పు మీద ఎండలో దిమ్మిస కొట్టినాను. పదిహేనుమంది ఆడోళ్ళం. మా పేర్లు ఏ రాయిమీదెక్కినాయి? పోనీ, మొగుడిదైనా ఉన్నాది, అందులో మా దెబ్బలూ ఉన్నాయి అనుకుంటన్నాను. నీ ఒక్కడి పేరేటి అది, నీకు నచ్చకపోతే తీసీడానికి?"

ఆమె చెప్పింది అబద్ధం కాదు.

"ఆ గోడ ఇరిగిపోయిన్నాడు," అన్నాడు కూర్మారావు, "ఎవుడో మేస్త్రీ వొచ్చి ఆ రాయి సదువుతాడు. కూర్మారావంట, ఎవుడీ దొంగముండాకొడుకు అంటాడు. నన్నంటే పడతాను. మీ పైకప్పు కూడా ఇలాంటి పనే అనుకుంటాడు."

సత్యభామ లోపలికెళ్ళి పొయ్యి ముట్టించింది. కంచం అతని ముందు పెట్టి, తను వంటింట్లోనే తింది. గురు, శుక్రవారాలు ఇద్దరూ ఒకే బస్సులో కోటకు వెళ్ళారు, ఒకే బస్సులో వచ్చారు, బస్తా పక్కన బస్తాలాగ. అతను దక్షిణం గోడ అంచులు సరిచేశాడు. ఉత్తరం వైపు వీపు పెట్టుకునే పని చేశాడు. శ్యామసుందర్ రెండుసార్లు దగ్గరికొచ్చి, నీళ్ళ డబ్బా జరిపి వెళ్ళాడు.

శనివారం పని ఒంటిపూటకే ముగించి కూర్మారావు మార్కండి బస్సెక్కాడు.

నీలమ్మ బట్టీ ఊరికి చివర, పడవలు లాగిన చోటుకి ఎగువన ఉంది. బెస్తల మనిషి. డెబ్భై ఏళ్ళు దాటాయి. గుల్లలు ఏరి, కడిగి, బొగ్గూ గుల్లలూ పొరలుగా పేర్చి కాల్చే పని ఈ తీరాన ఇంకా చేసేది ఆమె ఒక్కతే. ఇంటి వెనక నేలలో మెడదాకా పాతిన మట్టి కుండల్లో సున్నం నీళ్ళకింద నానుతూ ఉంటుంది. ఏ కుండ ఏ ఏటిదో ఆమెకే తెలుసు.

"ఏటి తమ్మీ, ఇయ్యాల సంచి పట్టుకుని వొచ్చినావు? బండి కట్టుకొస్తావనుకున్నాను ఉత్తరం గోడకి," అంది గుల్లలు చెరుగుతూనే.

"ఉత్తరం గోడ అయిపోయిందప్పా."

చేట ఆగింది. "నా సున్నం నేకుండానా?"

"నీ సున్నం నేకుండానే."

నీలమ్మ అతని మొహం చూసింది. అడగాల్సిన పనీ లేదు. నలభై ఏళ్ళుగా ఎవరెవరు గుల్లసున్నం మానేసి సిమెంటు బస్తాలకు పోయారో ఆమె వేళ్ళమీద చెప్పగలదు.

"మరేటి కావాల?"

"అన్నిటికన్నా పాతది. ఒక గిన్నెడు."

"పాతదా? అది పాలరాయిలా మెరిసే ఆఖరి పూతకి తప్ప ఇయ్యనని ఒట్టెట్టుకున్నాను. ఏ గోడకి?"

"గోడక్కాదప్పా. నా పేరుకి."

విషయం వినేసరికి ముసలామె చేట పక్కన పడేసి, నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. "ఓలమ్మో! ఊరంతా పేరెక్కించుకోడానికి కొట్టుకు సస్తుంటే నీకిదేటిరా! పదేళ్ళ నాటి కుండ ఉన్నాది. మా ముసలోడు బతికున్నప్పుడు నానబెట్టినాడు. రా."

కుండ మూత తీసి, పైన నిలిచిన తేట నీళ్ళు పక్కకు వొంచి, అడుగునుంచి తీసింది. మీగడలా వచ్చింది. వేలికి రాసి బొటనవేలితో రుద్ది చూశాడు. గరుకన్నది లేదు. ముసలామె ఆ గిన్నెకు తడిగుడ్డ కట్టి ఇచ్చింది.

"సోమారం నానూ వొస్తాను. నన్నెవుడూ పిలవడు. అయినా వొస్తాను," అంది.

ఆదివారం పొద్దున సత్యభామ వంటింట్లో ఉంది. కూర్మారావు సంచిలో తాపీలు సర్దుకుంటున్నాడు. గొడుగు ఊచ ఒకటి రాతి మీద సూదిలా నూరాడు. మెరుగురాయి గుడ్డలో చుట్టాడు. అప్పుడు వినిపించింది, గిన్నె అంచుకు గుడ్డు కొట్టిన చప్పుడు.

"తెల్లసొన రెండా, నాలుగా?" అంది అటు తిరిగే.

అతను సంచి వదిలి గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆమె పెంకు సగాల మధ్య పచ్చసొనను అటూ ఇటూ మారుస్తూ, తెల్లసొన జార్చి సీసాలోకి వడగడుతోంది.

"రెండు సాలు."

"నాలుగు పోస్తున్నాను. పని సరిగ్గా సెయ్యి. సగం సగం సదవడానికొస్తే ఇంకా సిగ్గు." సీసా మూత బిగించింది. "పచ్చసొన నాకూ మా ఈశ్వరప్పకీ అట్టేసుకుంటాం. రావద్దంటే ఊరుకునే మనిషి కాదది."

కోట సింహద్వారం లోపల, కుడివైపు గోడకు పాలరాయి బిగించేశారు. మీద పసుపు పట్టుగుడ్డ కప్పి ఉంది. బయట షామియానావాళ్ళు గుంజలు పాతి, భోజనాలయ్యి, గుడ్డల గుట్టల మీద కునుకు తీస్తున్నారు. కాపలా మనిషికి కూర్మారావు మొహం పద్నాలుగు నెలలుగా తెలుసు. రాయి అంచులు సరిచేస్తున్నాడనుకున్నాడు. ఒక రకంగా నిజమే.

గుడ్డ పైకి మడిచాడు. తన వరస నేలకు దగ్గరగా ఉంది. చతికిలబడి, ఊచ మొనతో మొదటి అక్షరంలోంచి నల్లరంగు గీకడం మొదలుపెట్టాడు. ఒడియా అక్షరాలు తలపాగాలు చుట్టుకున్నట్టు ఉంటాయి. ఆ వంపుల్లో రంగు గట్టిగా పట్టుకుంది. గీకాడు, తడిగుడ్డతో తుడిచాడు, ఊదాడు. గంట పట్టింది. ఇప్పుడు తెల్లరాతిలో తెల్లటి గుంటలు. పక్కనుంచి వెలుగు పడితే తప్ప చదవలేం. చెక్కినవాడు మంచి పనివాడు. గుంటల అడుగు కూడా సమంగా తీశాడు. ఆ పని పాడుచేస్తున్నందుకు కూర్మారావుకు కొంచెం బాధ కలిగింది.

రాయిని తడిపి, సున్నంలో తెల్లసొన, పాలరాతి పొడి కలిపి, తాపీ కొనతో ఒక్కో గుంటలో సన్నగా పెట్టాడు. నిండా పెడితే ఎండేటప్పుడు పగులుతుంది. పొర పెట్టి, నొక్కి, ఆగాలి. ఆగాడు. సముద్రపు గాలి చల్లగా తగులుతోంది. రెండో పొర. మూడోది రాతి మట్టం కన్నా ఈగ రెక్కంత పైకి. తడి పోయి చెమ్మ మిగిలే సమయం చూసి మెరుగురాయి తీశాడు. చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాడు. మొదట మసకబారింది, తరవాత కళ వచ్చింది. సాయంత్రం ఎండ పక్కనుంచి పడినప్పుడు అరచెయ్యి వేసి నిమిరాడు. రాయి ఎక్కడ ముగిసి సున్నం ఎక్కడ మొదలైందో చేతికి తెలియలేదు.

పద్నాలుగు నెలల్లో ఇంత చక్కటి పని ఇంకోటి చెయ్యలేదనిపించింది. బొటనవేలు పెట్టాలని చెయ్యి లేచింది. నవ్వుకుని దించేశాడు.

సోమవారం తొమ్మిదింటికి ఆఫీసరమ్మ వసుధ జీపు దిగింది. మంత్రి పదకొండింటికి. అంతకుముందు అన్నీ చూసుకోవాలి. నలభై ఏళ్ళ మనిషి, మెడలో కళ్ళద్దాల గొలుసు. వెనకాల భీమేశ్వరరావు, ఆ వెనక ఫైళ్ళతో శ్యామసుందర్. గానుగ దగ్గర ఆడవాళ్ళంతా ఉతికిన చీరల్లో ఉన్నారు. వాళ్ళ మధ్య నీలమ్మ, ఎవరూ పిలవని చుట్టం.

వసుధ గుడ్డ ఎత్తి పైనుంచి చదువుకుంటూ వచ్చింది. ఆఖరి వరస దగ్గర ఆగింది. వంగి చూసింది.

"ప్రధాన మేస్త్రీ అని ఉంది. పేరేదీ?"

భీమేశ్వరరావు ముందుకొచ్చి చూశాడు. "చెక్కినవాడి పొరపాటు మేడమ్. సాయంత్రానికల్లా..."

"పొరపాటు కాదమ్మా," అన్నాడు కూర్మారావు. "పేరుండేది. నానే పూడ్సీసినాను."

ఆమె వేలితో నిమిరి చూసింది. అక్షరం దొరకలేదు. "ఇక్కడ పూడ్చారా? దేంతో?"

"గుల్లసున్నంతోటి."

"ఎందుకు?"

"దర్బారు హాల్లో మూడు గోడలు నావి. ఉత్తరం గోడ నాది కాదు. పేరుంటే నాలుగూ నావని అర్థం గదా. అందుకు."

"కోపం మేడమ్. కూలీ పెంచలేదని," అని భీమేశ్వరరావు నవ్వాడు. "నాలుగూ ఇతనే చేశాడు. పనివాళ్ళ గుర్తు ఉంటుంది, బొటనవేలి ముద్ర. శ్యామ్ చెప్పాడు మొన్న. రండి, చూపిస్తాను."

అందరూ హాల్లోకి నడిచారు. ఆడవాళ్ళు గుమ్మంలో గుంపయ్యారు. భీమేశ్వరరావు దర్జాగా ఒక్కో ద్వారం దగ్గరా ఆగి చూపించాడు. తూర్పు. దక్షిణం. పడమర. తరవాత ఉత్తరం. "ఇదిగో. ఇక్కడా ఉంది. ఇంకేం కావాలి?"

వసుధ కూర్మారావు వైపు తిరిగింది. "ఏమంటారు?"

కూర్మారావు శ్యామసుందర్ మొహం చూడలేదు. చూస్తే చెప్పేసినట్టే. వంగి, తన ఎడమ బొటనవేలు ఆ ముద్ర మీద పెట్టి చూపించాడు. తన వేలు అడ్డం, అది నిలువు. తన వేలు పొట్టి, సున్నం తిని పగిలింది. అది సన్నం, నున్నన.

"ఇది నాది కాదమ్మా."

"మరి ఎవరిది?"

"మా పనిలో ఒకడి ఏలు సంగతి ఇంకోడు సెప్పడు. ఎట్టినోడే పలకాల."

బయట మైకువాడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాడు. భీమేశ్వరరావు ఫోను మోగింది, నొక్కేశాడు. "ఎవరో కూలీ పెట్టి ఉంటాడు మేడమ్, దీనికింత..."

"నాది."

శ్యామసుందర్ ఫైళ్ళు కిందపెట్టాడు. అక్షరాలు ఏరుకుంటున్నట్టు నెమ్మదిగా అన్నాడు. "ఆ వేలు నాది, మేడమ్. ఈ గోడ దగ్గరుండి చేయించింది నేను. సిమెంటు. పైన సున్నం నీళ్ళు కొట్టించాను. సోమ, మంగళవారాలు, వీళ్ళు యాత్రలో ఉన్నప్పుడు."

"శ్యామ్!"

"ఎవరు చెయ్యమన్నారు?" అంది వసుధ.

శ్యామసుందర్ భీమేశ్వరరావు వైపు చూసి, మళ్ళీ గోడ వైపు చూశాడు. "చెయ్యమన్నవాళ్ళ వేలు ఇక్కడ లేదు మేడమ్. గొంతు నా ఫోన్‌లో రికార్డయి ఉంది. వినిపిస్తాను."

గుమ్మంలోంచి నీలమ్మ గుంపును తోసుకుంటూ వచ్చింది. చేతిలో నీళ్ళ సీసా. ఎవరినీ అడగలేదు. మూత తీసి పడమటి గోడ మీద కాసిని చల్లింది. గోడ తాగేసింది. ఉత్తరం గోడ మీద మిగిలినదంతా కుమ్మరించింది. నీళ్ళు ధారలై దిగి, భీమేశ్వరరావు బూట్ల చుట్టూ చేరాయి.

"సూసుకోండమ్మా. మాటెందుకు," అని సీసా మూత బిగించుకుంది.

సభ జరిగింది. మంత్రి వచ్చాడు, గుడ్డ లాగాడు. రాయిలో చివర ఖాళీ ఎవరూ గమనించలేదు. దర్బారు హాలుకు తాళం వేసి 'పని జరుగుచున్నది' అని కాగితం అంటించారు. భీమేశ్వరరావుకు శాలువా కప్పారు. ఫొటోవాడు రెండుసార్లు కప్పించాడు. ఆడవాళ్ళకు కుర్చీలు చాలలేదు. ఈశ్వరి ఇచ్చాపురం నుంచి రానే వచ్చి, రాయి ముందు నిలబడి, "ఏదే మీ ఆయన పేరు?" అని అడిగింది. "అదిగో, మెరుస్తన్నాది సూడు," అంది సత్యభామ ఖాళీ చూపిస్తూ. ఈశ్వరి కళ్ళు చిట్లించుకుని చాలాసేపు వెతికింది.

వసుధ ఆ ఫోను మాటలు విన్నది. జీపెక్కేముందు, ఉత్తరం గోడ రేపటినుంచే విప్పాలని కాగితం రాసిచ్చింది. "మళ్ళీ సున్నం పనికి మిమ్మల్నే పిలిపిస్తాం. రాతి మీద పేరు సంగతి అప్పుడు చూద్దాం," అంది. కూర్మారావు తల ఊపాడు. పిలిపిస్తాం అన్న మాట అతను జీవితంలో చాలాసార్లు విన్నాడు.

భీమేశ్వరరావు శాలువా మడతపెట్టుకుంటూ దగ్గరికొచ్చాడు. "గంజాం జిల్లాలో నీకు ఇటుక మీద ఇటుక పెట్టే పని కూడా దొరకదు."

"నాను సున్నం పనోణ్ణి సావుకారు గారూ," అన్నాడు కూర్మారావు. "ఇటుక ఎవుడైనా పెడతాడు."

మంగళవారం పొద్దున అతను ఎవరూ పిలవకుండానే ఉలి, సుత్తి పట్టుకుని కోటకు వెళ్ళాడు. గోడ విప్పడం వేరేవాళ్ళకు వదిలేస్తే పాత ఇటుక కూడా పోతుంది. హాలు తలుపు తెరిచి ఉంది. శ్యామసుందర్ ఒక్కడే ఉత్తరం గోడ ముందు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా కాదు, పాత బనీను. ఫోను ఆపి కిటికీలో పెట్టాడు.

"రాత్రి సావుకారు మెయిల్ పెట్టాడు మౌసా. బుధవారం నుంచి రావద్దని."

"మరి ఇయ్యాలెందుకొచ్చినావు?"

"రేపట్నించి కదా."

కూర్మారావు ఉలి అతని చేతికిచ్చాడు. "వాలుగా పెట్టు. సిమెంటు కిందకి తోసుకుంటా ఎల్లాల. ఎదురు కొడితే ఇటుక సస్తాది."

శ్యామసుందర్ మొదటి దెబ్బ వేళ్ళ మీద కొట్టుకున్నాడు. రెండోది పెచ్చు లేపింది. పొద్దెక్కేసరికి సత్యభామ ఇద్దరు ఆడవాళ్ళను తీసుకుని తట్టలతో వచ్చింది. రాలిన పెచ్చులు ఎత్తి బయట పోయించడం మొదలుపెట్టింది. సాయంత్రానికి కింది భాగమంతా పాత ఇటుక బయటపడింది, అక్కడక్కడ గాయాలతో.

ద్వారం పక్కన, మోకాలి ఎత్తున, అరచేతంత సిమెంటు మిగిలింది. శ్యామసుందర్ అక్కడ ఉలి పెట్టబోతే కూర్మారావు చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఉండనీ."

"అదే కదా మౌసా ముందు పోవాల్సింది."

"ఏలెట్టినాక తియ్యరు." బొగ్గు ముక్కతో దాని చుట్టూ గీత గీశాడు. "చుట్టూరా సున్నం ఎలా కట్టాలో నాను సూసుకుంటాను. కష్టమే. రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవు. అయినా ఉంటాది."

"ఎన్నాళ్ళని?"

కూర్మారావు ముద్ర ముందు చతికిలబడి, తల ఓ పక్కకి వంచి, తూర్పు గోడమీది గాటువేలు వాణ్ని చూసినట్టే చాలాసేపు చూశాడు. తరవాత నోరారా మొదలుపెట్టాడు.

"ఒరే సన్నాసీ! సున్నమనుకుని సిమెంటుకి ఏలెడతావేట్రా? పెట్టినోడివి అడ్డంగా పెట్టాల గాని నిలువునా పెడతారేట్రా, ఎదవా! ఎవుడు నేర్పినాడ్రా నీకీ పని?"

తట్ట ఎత్తబోతున్న సత్యభామ ఆగిపోయి పకపకా నవ్వింది. శ్యామసుందర్ సుత్తి కిందపెట్టి, దుమ్ము కొట్టుకున్న రెండు చేతులూ జోడించి, తిట్లన్నీ నిలబడి విన్నాడు.